అత్త అంగిట్లో దిసారి

విశాఖపట్నం,
జూలై 8.

బుధు మామకు, సోములమ్మ అత్తకు రాజకుమారి నమస్కారాలు.

అత్తా, ఫోన్లో మాట గాలికి పోతుంది, కాగితం మీద రాస్తే మామ పదిసార్లు చదివి వినిపిస్తాడు అన్నావు కదా, ఇదిగో రాశాను. మన కొండ మీది టవర్ కూడా నీ మాటే వింటున్నట్టుంది. మూడు వారాలుగా ఫోను ఒక్కసారి కలిస్తే ఒట్టు.

మామా, బస్సెక్కించడానికి వచ్చినప్పుడు నువ్వొక ప్రశ్న వేశావు. "అయిదేళ్ళూ ఒక్క ప్రోటీన్నే సదువుతావేటి గుంటా? పప్పులో ఉండేది అదే కదేటి?" అని. బస్సు కదిలింది కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు జవాబు చెబుతాను.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే ఒక పుస్తకం ఉంటుంది. కణం ఏ పని చేయాలన్నా అందులో ఆ పనికి సంబంధించిన పేజీ చదవాలి. ఆ పేజీనే జన్యువు అంటాం. అన్ని పేజీలూ అన్నివేళలా తెరిచి ఉండవు. ఏది ఎప్పుడు చదవాలో చెప్పడానికి కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. నా ప్రోటీన్ అందులో పెద్ద పేరున్నది, పి53. ఒక కణం రెండు కావాలంటే ముందు పుస్తకం మొత్తం తిరగరాసుకోవాలి. చిరిగిన పుస్తకాన్ని తిరగరాస్తే తప్పులు పెరుగుతాయి. తప్పులు పెరిగి పెరిగి కణం ఎవరి మాటా వినకుండా పోతే దానినే కేన్సర్ అంటారు. అందుకే పుస్తకం చిరిగిందని తెలియగానే పి53 లేచి, "ఆగండి, బాగుచేశాక చూద్దాం" అంటుంది.

దీన్ని మీ ఊరివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పగలవా అని మా మాధవి మేడమ్ అడిగింది. ఆవిడే నా గైడు. నేను వెంటనే చెప్పేశాను. "మా మామ మా ఊరి దిసారి మేడమ్. పంచాంగం చూసి మంచిరోజు చెప్పేది ఆయనే. విత్తనాల పండుగ కాకుండా ఎవడైనా నాగలి కడితే మా మామ అడ్డంగా నిలబడి అరుస్తాడు. పి53 కణానికి దిసారి" అన్నాను. ఇప్పుడు ల్యాబ్‌లో అందరూ దాన్ని దిసారి ప్రోటీన్ అనే పిలుస్తున్నారు. నీకు రాయల్టీ ఇప్పించమంటావా?

మీ రాజకుమారి.

*

పనసపుట్టు,
జూలై 21.

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలు రాజకుమారికి మామ బుధు దీవెనలు.

ఉత్తరంలో బడి తెలుగే రాస్తాను, నవ్వకు. ఆశ్రమ పాఠశాలలో మా మాస్టారు మన మాటలు రాస్తే వేళ్ళ మీద కొట్టేవారు. ఆ వేళ్ళతోనే రాస్తున్నాను మరి.

నీ ఉత్తరం చదవగానే నాకు గొప్పగానూ అనిపించింది, కోపమూ వచ్చింది. నేను ఎప్పుడు అరిచానే? దిసారి అరవడు. రోజు కుదరలేదని తెలిస్తే ఊళ్ళో చాటింపు వేసే బారికి సోంబరును పిలిచి చెవిలో చెబుతాను. వాడు ఇల్లిల్లూ తిరిగి కేకేస్తాడు. ఆగేది వాడి కేకకు, నాకు కాదు. ఈ సంగతి మీ మేడమ్‌కు చెప్పు. తప్పుడు చదువు చెప్పి నా పరువు తీయకు.

ఇంకొకటి. పండుగ అయిపోయాక నేను ఎంతసేపు కూర్చుంటానో నీకు తెలుసు. జీలుగు కల్లు ఉన్నంతసేపూ కూర్చుంటాను. చివరకు నేనే కబురు పెడతాను, మీ అత్త వచ్చి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కెళుతుంది. నీ ప్రోటీన్‌కు అలాంటి పెళ్ళాం ఉందో లేదో కనుక్కో.

ఇక్కడ వానలు బాగున్నాయి. కాఫీ తోటలో కలుపు తీయిస్తున్నాం. మీ అత్త సంతలో మిరపకాయల షావుకారుతో పెద్ద గొడవ పెట్టుకుంది. "ఏటి కాయలివి, నోరు కాలిపోతన్నాది, ఏ మందు కొట్టీసావు?" అని బస్తా తిరగేసింది. ఆ కాయలే నేనూ తిన్నాను, నాకేమీ కాలేదు. నెల రోజులుగా ఇంట్లో చప్పిడి కూరలే. నాకు నాలుక చచ్చిపోయింది.

ఇక్కడి నుంచి రాసింది మీ అత్తకు చదివి వినిపించలేదు. ఆవిడ అంగిట్లో సున్నం పూసినట్టు ఒక తెల్ల మచ్చ ఉంది. మధ్యలో ఎర్రగా ఉంది. "రాజకుమారికి రాసినావంటే నీకు కూడెట్టను" అంది. ఎలాగూ చప్పిడి కూడే కదా అని రాసేశాను.

మామ.

*

విశాఖపట్నం,
జూలై 29.

మామా,

రాసి మంచిపని చేశావు. అత్తకు ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు. కూడు పెట్టకపోతే నేను పంపిస్తాను.

అత్తా, నువ్వు చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ కాలుస్తావు. గాలికి ఆరిపోదని, ఊడ్చుకుంటూ వండుకుంటూ చేతులు ఖాళీగా ఉంటాయని నువ్వే చెప్పేదానివి. ముప్పై ఏళ్ళుగా ఆ నిప్పు నీ అంగిటికి అంగుళం దూరంలో ఉంది. మిరపకాయలకు ఏ దోషమూ లేదు. షావుకారుకు క్షమాపణ చెప్పు.

ఆ పొగ కణంలోని పుస్తకాన్ని చింపుతుంది. రోజూ చింపుతుంది. దిసారి లేచి ఆపుతూనే ఉంటాడు, బాగుచేయిస్తూనే ఉంటాడు. మరీ చిరిగిపోతే "ఇది పనికిరాదు, చచ్చిపో" అని ఆ కణానికి ఆఖరి పేజీ కూడా తెరుస్తాడు. కానీ దిసారి ఎలా పుట్టాలో చెప్పే పేజీ కూడా ఆ పుస్తకంలోనే ఉంది అత్తా. పొగ ఆ పేజీని చింపితే? నాకు భయంగా ఉంది. ఈ మచ్చలన్నీ కేన్సర్ కావు, కొన్ని ఎప్పటికీ కావు. ముక్క తీసి చూస్తే తప్ప ఏదీ చెప్పలేం.

ఆగస్టు 7న పెద్దాసుపత్రికి రండి. మాధవి మేడమ్ డాక్టరుతో మాట్లాడింది. నేను 10న ట్రైనింగ్‌కు హైదరాబాద్ వెళ్ళిపోతున్నాను, నెలన్నర ఉండాలి. నేను ఉండగానే రండి. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి నువ్వు. రానంటే నేనే కొండెక్కి నిన్ను మూట కట్టి తెస్తాను.

మామా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. పి53 అరవదు. పుస్తకం మీద వాలి, పి21 అనే పేజీని చదివిస్తుంది. ఆ పేజీలోంచి పుట్టే ప్రోటీనే కేకేసి కణాన్ని ఆపుతుంది. అదే మన సోంబరు. పెళ్ళాం కూడా ఉంది! పని అయ్యాక పి53ని రెక్క పట్టుకుని లాక్కెళ్ళే ప్రోటీన్ ఒకటి ఉంది. దాన్ని పిలిచే పేజీని తెరిచేది కూడా పి53యే. అందుకే ఆరోగ్యంగా ఉన్న కణంలో దిసారి కనిపించీ కనిపించనట్టు ఉంటాడు. ఇది విని మేడమ్ పడీ పడీ నవ్వింది. నువ్వు పదో తరగతితో ఆపేయకుండా ఉండాల్సింది మామా.

రాజకుమారి.

*

పనసపుట్టు,
ఆగస్టు 18.

కోడలికి దీవెనలు.

నువ్వు రైలెక్కిన మర్నాడు మేమూ ఊరు చేరుకున్నాం. ఆసుపత్రిలో నువ్వు బయట చీటీ రాయిస్తున్నప్పుడు లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. డాక్టరమ్మ నోరు తెరవమంది. మీ అత్త తెరిచి, మూసేసి, "ముందు నువ్వు తెరు" అంది. ఆ డాక్టరమ్మ నిజంగానే తెరిచింది! మీ అత్త లోపలంతా చూసి, "పిప్పి పన్నున్నాది, పీకించుకో" అని చెప్పి, అప్పుడు తన నోరు తెరిచింది.

మత్తు సూది వేసి చింతగింజలో సగం ముక్క తీశారు. బస్సులో వచ్చేటప్పుడు దారంతా కిటికీలోంచి కొండల వైపే చూసింది. నాకు భయమేసింది. అనంతగిరి దాటాక, "ఆ గుంట ఆసుపత్రిలో నా సెయ్యి ఒగ్గలేదు సూసావా" అంది. అంతే.

చుట్ట రోజుకు ఆరు నుంచి రెండుకు దించింది. ఆ రెండూ నాకు కనిపించకుండా కాలుస్తున్నాను అనుకుంటోంది. రిపోర్టు సెప్టెంబరులో ఇస్తారట.

మామ.

*

హైదరాబాద్,
ఆగస్టు 27.

మామకు, అత్తకు నమస్కారాలు.

ఇక్కడ అన్నీ బాగున్నాయి, ఒక్క కాఫీ తప్ప. మన కాఫీ అలవాటైన నోటికి ఇది బెల్లం నీళ్ళలా ఉంది. సాయిదుర్గ అని నా రూమ్మేట్, నేను తెచ్చిన పొడి సగం తనే తాగేసింది.

రిపోర్టు రాగానే నాకు చెప్పండి. అత్త నోట్లోంచి తీసిన ముక్కకు రంగు వేసి అందులో పి53ని కూడా చూస్తారట, మేడమ్ అడిగిందట. చూద్దాం మామా, అత్త అంగిట్లో దిసారి మేలుకుని ఉన్నాడో లేదో!

ఆ రెండు చుట్టలు కూడా మానేయమని చెప్పు.

రాజకుమారి.

*

పనసపుట్టు,
సెప్టెంబరు 12.

కోడలా, శుభవార్త!

రిపోర్టు వచ్చింది. నేనే వెళ్ళి తెచ్చాను. రెండు పేజీల ఇంగ్లీషు. నేను ఇంగ్లీషులో ముప్పై ఆరు మార్కులతో పాసైనవాణ్ణి, మర్చిపోకు. కూడబలుక్కుని చదివాను. ఆఖర్న రాసి ఉంది, పి53 స్ట్రాంగ్లీ పాజిటివ్ అని! స్ట్రాంగ్ అంటే గట్టిది. పాజిటివ్ అంటే ఉంది అని. మీ అత్త అంగిట్లో దిసారి ఒక్కడు కాదు, దండు కట్టుకుని ఉన్నాడు. బస్టాండులోనే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఇంటికొచ్చి కోడిని కోశాం. పక్కింటి సుక్రు వాళ్ళను, సోంబరు వాళ్ళను పిలిచి భోజనం పెట్టాం. "మా ఆవిడ నోట్లో నాకంటే గట్టి దిసారున్నాడు" అని అందరికీ చెప్పాను. ముక్క తీశాక మీ అత్త నవ్వడం ఇదే మొదటిసారి. నా ఎదుటే చుట్ట వెలిగించింది, నేనూ ఏమీ అనలేదు. కాపలా అంత గట్టిగా ఉన్నప్పుడు ఒక్క చుట్టకేం అని.

డాక్టరమ్మ ఏదో రెండుసార్లు చెప్పింది. 25న వచ్చి చేరమంది, ఆపరేషన్ అంది. నేను తల ఊపాను గానీ, దిసారి లేనివాళ్ళకు కదా ఆపరేషన్? పైగా 26న సామ కొత్త పండుగ. రోజు నేనే పెట్టాను. నేను పూజ చేసేదాకా ఊళ్ళో ఎవరూ కొత్త సామలు ముట్టరు. అందుకని వెళ్ళడం లేదు. నువ్వు నిశ్చింతగా చదువుకో.

ఆనందంతో,
మామ.

*

హైదరాబాద్,
సెప్టెంబరు 17.

మామా, ఈ ఉత్తరం చదువుతూ నిలబడి ఉంటే కూర్చో. అత్తను కూడా పక్కన కూర్చోబెట్టు.

అది శుభవార్త కాదు. తప్పు నీది కాదు, నాది. దిసారి, దిసారి అని నవ్వులాటగా రాసి, సగమే చెప్పాను.

ఫోను వంద సార్లు చేశాను. టవర్ మీద పిడుగు పడిందని ఆఖరికి మన బస్సు కండక్టర్ మల్లేశు చెప్పాడు. ఉత్తరం విశాఖ వెళ్ళే మనిషి చేత మల్లేశుకు పంపుతున్నాను. ఇంటికి వచ్చి చేతికిస్తానని మాటిచ్చాడు.

విను మామా. మంచి దిసారి ఎక్కువసేపు కనిపించడు. పని అయ్యాక తనే కబురు పెడతాడు, పెళ్ళాం వచ్చి లాక్కెళుతుంది. నీ సంగతే. అత్త నోట్లో దిసారి పేజీ చిరిగిపోయింది. ఇప్పుడు పుడుతున్న దిసారులకు చేతులు సరిగ్గా లేవు. పుస్తకాన్ని పట్టుకోలేరు. పట్టుకోలేకపోతే ఏ పేజీ తెరవలేరు. సోంబరును పిలవలేరు, కాబట్టి నాగళ్ళు ఆగవు. పెళ్ళాన్ని కూడా పిలవలేరు, కాబట్టి వాళ్ళను ఇంటికి పంపేవాళ్ళు లేరు. పని చేయని దిసారులు అక్కడే గుట్టలుగా పేరుకుపోయారు. రంగు వేస్తే ఆ గుట్టే కనిపించింది. రంగుకు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది, పని చేస్తున్నారో లేదో తెలియదు. అందుకే ఆ రాత. అది మాత్రమే అయితే ఇంత కంగారు పడేదాన్ని కాదు. మేడమ్ డాక్టరమ్మను అడిగి రిపోర్టు మొదటి పేజీ చదివి చెప్పింది. కణాలు మాట వినడం మానేశాయి, కానీ ఇంకా పైపొరలోనే ఉన్నాయి, కిందికి దిగలేదు. ఇప్పుడు కోసి తీసేస్తే అత్త మనకు దక్కుతుంది. దిగాక అంటే డాక్టరమ్మ కూడా ఏమీ చెప్పలేనంది.

25ని వదులుకోకండి. మళ్ళీ తేదీ దొరకాలంటే రెండు నెలలు పడుతుందట. 23న నా పరీక్ష అవుతుంది. 24 పొద్దున విశాఖలో దిగుతాను, తిన్నగా ఆసుపత్రికే వస్తాను.

కొత్త పండుగ గురించి నీకు చెప్పేంతదాన్ని కాను. అత్త గురించి మాత్రం కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను.

రాజకుమారి.

*

పనసపుట్టు,
సెప్టెంబరు 20.

కోడలికి.

మల్లేశు బస్సును మలుపులో ఆపి, ప్రయాణికులను కూర్చోబెట్టి, బురదలో నడిచి వచ్చి ఉత్తరం ఇచ్చాడు. ఇది తిరుగు బస్సులో పంపుతున్నాను.

మీ అత్తను పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. ఊరందరికీ రోజులు చూసి చెప్పేవాణ్ణి, నా ఇంటికి ముంచుకొచ్చిన రోజును కోడి కోసి పండుగ చేసుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మీ అత్త మొత్తం విని కోళ్ళగూటి వైపు చూసింది. తర్వాత, "అయితే గుడ్లు పెట్టే కోడిని ఎందుకు కోసీసావు?" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చుట్టల కట్ట తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది. కట్టంతా ఒక్కసారి కాలుతుంటే ఇల్లంతా పొగ. మేమిద్దరం బయటకు పరిగెత్తాం.

కానీ బయలుదేరడానికి ఒప్పుకోలేదు. "కొత్త అయ్యాక ఎల్దాం. ఊరంతా పాత రాగులు అయిపోయి ఆకలి మీద ఉన్నాది. నా నోటి కోసం ఊరి నోరు కట్టీమంటావేటి?" అంది. నేను ఎంత చెప్పినా అదే మాట.

పొద్దున్నే నేను సోంబరును పిలిచాను. కొత్త ఆపేశానని చెప్పి రమ్మన్నాను. ముప్పై ఏళ్ళలో పెట్టిన రోజును నేను మార్చడం ఇదే మొదటిసారి. వాడు నా మొహం చూసి, డప్పు తీసుకుని వెళ్ళాడు. కాసేపటికి ఊరంతా మా వాకిట్లో ఉంది. ఎప్పటిదాకా అని అడిగారు. సోములమ్మ తిరిగొచ్చేదాకా అన్నాను. ఒక్కరూ కాదనలేదు. సుక్రు తల్లి మాత్రం, "బేగి తీసుకురా నాయనా, ఉన్న మూడు పళ్ళూ ఊడకముందే కొత్తన్నం తినాలి" అంది. కళ్ళెదుట కంకులు పండి వంగి ఉన్నాయి. ఒక్కరూ ముట్టలేదు.

అది చూశాక మీ అత్త లోపలికి వెళ్ళి సంచి సర్దుకుంది. 24న మొదటి బస్సుకు వస్తున్నాం.

మామ.

*

పనసపుట్టు,
నవంబరు 18.

ఒసే గుంటా రాజకుమారీ,

సోములమ్మత్త రాయునది. అవును, నానే రాత్తన్నాను. మూడో తరగతి దాకా సదువుకున్నాను, మీ మామొక్కడికే వచ్చేటి రాయడం? అంగిటికి ప్లేటు ఎట్టినారు కదా, ముక్కుతో మాటాడతన్నానని మీ మామ నవ్వుతున్నాడు. ఉప్పు తెమ్మంటే పప్పు తెత్తన్నాడు. ఇకనించి నా మాట నానే రాసుకుంటాను.

మొన్న గురువారం సెకప్పుకి ఎల్లినాం. నీకు సెప్పలేదు. నువ్వు గేటు కాడే ఏడుపు మొదలెడతావు, నాకు కాళ్ళు ఆడవు. డాక్టరమ్మ లైటేసి సూసింది. కోసిన సోటు మానిపోనాది, అంచులన్నీ సుబ్బరంగా ఉన్నాయి, ఎక్కడా ఏటీ మిగల్లేదు అన్నాది. మూడు నెలలకోసారి రమ్మన్నాది. నాను బతికీసినానే అమ్మా. మీ మామ అక్కడే కూకుని ఏడిసీసినాడు. పిప్పి పన్ను పీకించుకున్నావా అని డాక్టరమ్మని అడిగినాను. పీకించుకుందంట.

సామ కొత్త అక్టోబరులో సేసినాం, నీకు తెలుసు. నీకు తెలీనిది ఒకటున్నాది. ముందు ముద్ద నాకే ఎట్టినారు. నాను మింగేదాకా ఊరంతా సేతిలో ముద్ద అట్టుకుని కూకున్నారు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. మెత్తగా వండించినారు కాబట్టి దిగింది గానీ, లేపోతే గొంతులోనే ఆగిపోయేది.

సుట్ట మానీసి రెండు నెలలు. అబద్దం ఎందుకు, రోజూ మనసు పీకుతాది. పొయ్యి ముందర కూకుంటే నోరు దానంతటదే తెరుసుకుంటాది. తిట్టుకుని మూసుకుంటాను.

ఇప్పుడు అసలు మాట. పోయిన శుక్రవారం అరకు సంతలో మిరపకాయల షావుకారు కాడ కూకున్నాను. అడ్డపొగ కాల్సే ఆడోళ్ళందరూ అక్కడికే వస్తారు. ఒక్కొక్కదాన్నే పిలిసినాను. ప్లేటు తీసి కోసిన సోటు సూపించినాను. ఒకత్తి కెవ్వుమన్నాది. మరొకత్తి పారిపోనాది. మిగిలిన పదకొండు మందీ కూకున్నారు. నాను ముందు నోరు తెరిసినాను కదా, వాళ్ళూ తెరిసినారు. మీ మామ టార్చిలైటు అట్టుకున్నాడు. ముగ్గురికి తెల్లగా ఉన్నాది. అందులో సుక్రు తల్లొకత్తి. నా కోసం కొత్తన్నం ఆపుకున్న ముసల్ది.

వచ్చే సోమవారం మొదటి బస్సుకి వాళ్ళ ముగ్గురినీ తెత్తన్నాను. మల్లేశు ముందు సీట్లు ఆపుతానన్నాడు. వాళ్ళకి శానా బయ్యంగా ఉన్నాది, పైకి నవ్వుతున్నారు. పుస్తకం, పేజీలు, ఏటీ సెప్పకు, ఇంకా బెదిరిపోతారు. సీటీలు రాయించి గేటు కాడ నిలబడు, సాలు.

లోపలికి నానే ముందు ఎల్తాను.

నీ అత్త,
సోములమ్మ.